వరద ఊరికి సారె

నంద్యాల

చి.ల.సౌ. చెల్లెలు సుందరలక్ష్మికి అన్న వెంకటరమణయ్య దీవెనలు.

పెన్న మీ ఊరి మీద పడిందని విన్నప్పటి నుంచి నాకు ముద్ద దిగడం లేదు. నీ ఫోను పలకదు. అందుకే మన బట్టల దుకాణం లారీ నిండా చీరలు వేసి, డ్రైవరు ఓబుళేశు చేతికి ఈ ఉత్తరం ఇచ్చాను. ఉత్త చీర పెట్టకూడదని ప్రతి దాంట్లో పసుపు కుంకుమ పెట్టించాను.

ఇట్లు, మీ అన్న.

తా.క.: పెద్దవాళ్లకు ముదురు రంగులు ఇవ్వు. వరదైనా మర్యాద మర్యాదే.

పూజ్యులైన అన్నయ్యకు సుందరలక్ష్మి నమస్కారాలు.

మనుషులం క్షేమం. సెల్ టవరు పడిపోయింది. చీరలు బాగున్నాయి కానీ, మా కష్టం గొడ్లది. గడ్డివాములన్నీ ఏట్లో పోయాయి. మేత రాకపోతే పాలిచ్చే ఎనుములను దళారికి అమ్ముకోవాల్సిందే. వాడు అప్పుడే వచ్చి వాటి పళ్లు చూసి వెళ్లాడు. గడ్డి పంపు.

ఇంకో మాట. పసుపు కుంకుమ చూసి ఊరంతా దాన్ని పుట్టింటి సారె అనుకుంది. "సారె తెచ్చిన బండిని ఉత్తదిగా పంపితే మా మొగం యాడ పెట్టుకోవాలమ్మా?" అంది ఈరక్క. ఇల్లు కూలిన మనిషి! బురదలో ఏరిన గుమ్మడికాయలతో పాటు ఒక కోడినీ లారీకెత్తారు.

నీ చెల్లెలు.

తా.క.: కోడి ఈరక్కది. ఆమెకు మిగిలింది అదొక్కటే. కోయకు.

చి.ల.సౌ. లక్ష్మికి దీవెనలు.

ఆ కోడిని చూసి దుకాణంలో అందరం లేచి నిలబడ్డాం. అన్నీ పోయినవాళ్లు మనకు పెట్టడమా! ఒళ్లు జలదరించింది తల్లీ. అంత పెద్ద మనసు ముందు ఊరికే ఉంటామా? అరిసెలు, మైసూరుపాకు, తాంబూలాలు పంపుతున్నాను. మేత సంగతి చదివాను. ఆడబిడ్డ ఊరికి సారె బండిలో గడ్డి వేస్తే నలుగురూ నవ్వరా?

మీ అన్న.

తా.క.: కోడి గల్లాపెట్టె మీద గుడ్డు పెట్టింది. రెండూ పంపుతున్నాను.

అన్నయ్యకు నమస్కారాలు.

పిల్లలు తినగా మిగిలిన అరిసెలు ఎనుములకు పెట్టాం. వాటికవి ఏ మూలకు? రేపు దళారి వస్తున్నాడు. ఊరంతా కూర్చుని ఒక మాట అనుకున్నాం. మా దగ్గరికి రావడానికి గడ్డికి సిగ్గయితే, గడ్డి దగ్గరికి వెళ్లడానికి ఎనుములకేం సిగ్గు? ఈసారి ఎదురుసారె అవే. లారీ తలుపు మెల్లగా తియ్యి.

"ఆయప్ప కోడినే కొయ్యలేదు. మన గొడ్లను పస్తు పెడతాడా?" అంటూ సిద్దమ్మ తన ఒక్కగానొక్క ఎనుమును ముందు ఎక్కించింది. ముఖమైనా ఎరగని నీ మీద అంత నమ్మకం! నాకు కన్నీళ్లు ఆగలేదు. ఇక్కడ పచ్చిక మొలిచాక తోలుకొచ్చుకుంటాం.

నీ చెల్లెలు.

తా.క.: ఆ ఎనుము సిద్దమ్మ గొంతు వినకపోతే పాలివ్వదు. అందుకని ఆమె కూడా లారీలోనే ఉంది. ముందు ఆమెకు అన్నం పెట్టు.