కనిపించని మంట

వదినా,

అన్నయ్య చెయ్యి కాలిందని ఆస్పత్రి వాళ్లు చెప్పారట. ఎలా కాలిందో చెప్పి ఉండరు. ఫోన్లో నాకు నోరు రాలేదు, అందుకే మీ వైపు వచ్చే బస్సు డ్రైవరు చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

మా డిపోలో కొత్త బస్సులు హైడ్రోజన్‌తో నడుస్తాయి. పొగ రాదని అందరూ మెచ్చుకుంటారు. కానీ ఆ గ్యాస్‌కి వాసనుండదు. అంటుకుంటే పట్టపగలు మంట కంటికి ఆనదు. అందుకే గ్యాస్ నింపే షెడ్డులోకి చీపురు ముందుకు చాపి నడుస్తాం. పుల్లలు కాలితే అక్కడ మంట ఉన్నట్టు.

మంగళవారం గ్యాస్ లీకు అలారం మోగితే నేనే ఆపేశాను. అంతకు ముందు పదిసార్లు ఊరికే మోగింది మరి. "మళ్లీ ఉత్తుత్తి మోతే, వెళ్లి బస్సు నింపేయ్ అన్నయ్యా" అన్నాను. నన్ను నమ్మి చీపురు లేకుండానే వెళ్లాడు. పైపు దగ్గర చెయ్యి పెట్టి కేక వేశాడు. నాకు మంట కనబడలేదు వదినా. చొక్కా చెయ్యి నల్లబడి రాలిపోవడమే కనబడింది.

ఆస్పత్రికి విచారణకొచ్చిన ఆఫీసరుతో అన్నయ్య, "అలారం నేనే ఆపాను సార్, మా తమ్ముడి తప్పేం లేదు" అన్నాడు. పక్కనే ఉండి కూడా నేను నోరు మెదపలేదు.

షెడ్డు మర్నాడే తెరిచారు. పైపు మార్చలేదు, రంగు వేశారంతే. సోమవారం ఆఫీసరుకి నిజం రాసిస్తాను. ఉద్యోగం పోతే పోనీ.

కుడిచేతి నాలుగు వేళ్లు తీసేయాలంటున్నారు డాక్టరు. అన్నయ్యకింకా తెలియదు. మీరు పక్కనుంటే నేనే చెబుతాను. త్వరగా రండి.

మీ మరిది