పాలపన్ను అన్న డాక్టరు

1953 జూలై 14, మంగళవారం
కమల చెంప మళ్లీ వాచింది. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని నమలలేక ఏడుస్తోంది నా బిడ్డ. నెల కిందట ఆబిడ్స్‌లో పళ్ల డాక్టరుకు చూపిస్తే ఒక్క చూపు చూసి, "పాలపన్నేనమ్మా. దానంతటదే ఊడుతది, ఫికర్ చేయకున్రి" అన్నాడు. చిట్టీ మీద లవంగనూనె రాసిచ్చాడు. నమ్మాను.

జూలై 17
జ్వరం. బడికి సెలవు పెట్టాను. నా క్లాసు పిల్లలకు పాఠం ఎవరు చెప్పారో.

జూలై 19
దవడ కింద చర్మం పగిలి చీము. రిక్షాలో పెద్ద దవాఖానకు పరుగు. డాక్టరమ్మ పన్ను పీకి చూపించింది. "గిది పాలపన్ను కాదమ్మా. ఆరేండ్లప్పుడు వచ్చే దవడపన్ను. ఇగ మళ్ల రాదు."
మచ్చ కూడా ఉండిపోతుందట. ఎనిమిదేళ్ల ఆడపిల్ల ముఖం మీద.

జూలై 25
కట్టు విప్పించుకుని వస్తుంటే మొజంజాహీ మార్కెట్ దాటాం. అక్కడికొస్తే ఐస్‌క్రీం కొనిపెట్టమనే కమల ఈసారి అడగలేదు. ఒళ్లు మండిపోయింది. రిక్షా అట్నుంచి అటే ఆబిడ్స్‌లో పళ్ల డాక్టరు దగ్గరికి తిప్పించాను.
"మీరు చెప్పిందాన్ని బట్టే చూసిన" అంటాడా పెద్దమనిషి! నేనేం చెప్పాను? నొప్పి అని చెప్పాను.
వదలను.

ఆగస్టు 2, ఆదివారం
నాంపల్లిలో వకీలు ఇంటికి మా ఆయనా, నేనూ. నోటీసు ఇవ్వొచ్చు అన్నాడు. పాత చిట్టీ చేతికిచ్చాను. అద్దాలు సర్దుకుని చదివాడు... "గీడ వయసు ఆరు అని ఉన్నది. పాపకు ఎన్నేండ్లు?"
"ఎనిమిది" అన్నారు ఆయన.
"మరి ఆరు అని ఎవరు చెప్పిన్రు?"
నేనే. బడి వయసు. చేర్పించినప్పుడు రెండేళ్లు తగ్గించి రిజిస్టరులో రాసిందీ నేనే. ఎవరడిగినా నోటికి అదే వస్తుంది. కమలకొక్కదానికేనా — ముందుముందు నౌకరీకి పనికొస్తుందని తల్లిదండ్రులు అడిగితే సగం క్లాసుకు అలాగే రాశాను.
"ఎనిమిది అని ప్రమాణం చేసి చెప్పాలె మీరు. డాక్టరు తరఫువాళ్లు బడి రిజిస్టర్ తెప్పిస్తరు. మీ నౌకరీ సంగతి జర సోంచాయించుకోన్రి" అన్నాడు వకీలు.


ఆగస్టు 5
అయినా సరే. నోరు తెరిపించినవాడు పన్ను చూడాలా, వయసు చూడాలా? డాక్టరమ్మ వయసు అడగనే లేదు. చూసింది, చెప్పింది. అంత చదువు చదివి, ఒక తల్లి నోటి మాట మీద పాలపన్ను అనేస్తాడా?
తల్లి ఎందుకు అబద్ధం చెప్పింది అంటారు కోర్టులో. అననీ.
...అంటే ఏం చెప్పను?

ఆగస్టు 9
వకీలు దగ్గర్నుంచి నోటీసు కాగితం వచ్చింది. వయసు ఎనిమిది అని టైపు చేసి ఉంది. కింద నా సంతకానికి చోటు.
కమల వచ్చి పక్కన కూర్చుంది. మచ్చ ఇంకా ఎర్రగానే ఉంది. ఎడమవైపే నములుతోంది, అటుకులు.
"అమ్మా, కోర్టుల నన్ను గూడ అడుగుతరా?"
"అడగొచ్చు."
"ఎన్నేండ్లని చెప్పాలె?"
పెన్ను చేతిలోనే ఉంది...