పన్నెండు వచనాలు

అంకిస,
జులై 8

ప్రియమైన అక్కకు,

ప్రభువు నామంలో నీ తమ్ముడు రాజ్‌కుమార్ వందనాలు.

జింగనూర్‌లో నీ ఫోను పలకదు కాబట్టి బస్సు డ్రైవరు జంగు చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. వానలు ముదిరితే దారి తెగుతుంది. జ్వరాల కాలం, ఊళ్లకు సూదిమందులు పట్టుకుని తిరిగేదానివి, నీ ఒంటి సంగతి కూడా చూసుకో.

ఇక అసలు సంగతి. మూడేళ్లుగా గ్రీకు, అరామిక్ లేఖనాల్లో వెతుకుతున్నది దొరికింది! ఆ భాషల్లో ప్రతి అక్షరానికీ ఒక అంకె విలువ ఉంటుందని చెప్పాను కదా. మాటలు లెక్కపెట్టినా, అక్షరాల విలువలు కూడినా ఏడుతో తెగుతున్నాయి. దేవుని వేలిముద్ర అక్కా! యోహాను సువార్త ఒక్కటే మొరాయించింది. వ్యభిచారంలో పట్టుబడిందని ఒక స్త్రీని రాళ్లతో కొట్టడానికి తెస్తే, పాపం లేనివాడు మొదటి రాయి వేయమని యేసు అన్న కథ ఉంది చూడు, ఆ పన్నెండు వచనాలు అడ్డం. పాత గ్రీకు ప్రతుల్లో అవి లేవు, పాత అరామిక్ ప్రతుల్లోనూ లేవు. తీసేసి కూడితే శేషం లేకుండా తెగింది.

ఆదివారం మందిరంలో ప్రసంగంలోనే చెప్పాను, కరపత్రం కూడా వేయించాను. ఇకమీదట మన దగ్గర ఆ భాగం చదవం. సంఘం పెద్ద ఐలన్న నా లెక్కలంటే ఎప్పుడూ ఆవలించేవాడు. ఈసారి లేచి నిలబడి మెచ్చుకున్నాడు, కరపత్రాలు కట్టగట్టి పట్టుకెళ్లాడు. అమ్మ మాత్రం ఎందుకో మూతి ముడుచుకుంది.

మిగతా అంతా మామూలే. సండే స్కూల్లో పిల్లలకు చెప్పే జ్యోతి మీద ఏదో మాట పుట్టింది. భర్త చంద్రపూర్‌లో పనిలో ఉంటే, ఈమె సిరొంచలో ఎవరి బండి మీదో కనిపించిందట. పెద్దలు చూసుకుంటున్నారు.

నీ తమ్ముడు,
రాజ్‌కుమార్

జింగనూర్,
జులై 19

ప్రియమైన తమ్మికి,

అలవాటు కొద్దీ ప్రియమైన అని రాశాను గానీ, ఇవాళ నువ్వు నాకేమంత ప్రియంగా లేవు.

ఆవలించే ఐలన్న లేచి నిలబడితే నీకు అనుమానం రాలేదా? పై పేరాలో ఆ కథ తీసేశానని రాస్తావు. కింద జ్యోతి మీద మాట పుట్టిందని రాస్తావు. రెంటికీ మధ్య జానెడు కాగితం లేదు. వెయ్యేళ్ల కిందటి ప్రతుల్లో దాగిన ఏడు కనిపిస్తుంది నీకు, కళ్ల ముందున్న ఐలన్న కనిపించడు!

ఆ అమ్మాయిని ఏం చేయబోతున్నారో కనుక్కుని వెంటనే రాయి. మాట నిజమా అబద్ధమా అని మాత్రం రాయకు. నాకు అక్కర్లేదు.

ఉమారాణి

అంకిస,
జులై 27

ప్రియమైన అక్కకు,

నీ కోపం చదివాను. సత్యం వేరు, జ్యోతి వేరు. పాత ప్రతుల్లో లేనిదాన్ని లేదన్నాను. దాన్ని ఐలన్న ఎలా వాడుకుంటే నాకేం సంబంధం?

అడిగావు కాబట్టి రాస్తున్నాను. వచ్చే నెల పదకొండున ఆరాధన అయ్యాక పెద్దలు కూర్చుంటారు. జ్యోతికి రొట్టె, ద్రాక్షరసం ఇవ్వకుండా ప్రభువు బల్లకు దూరం పెట్టాలని, పిల్లల దగ్గరికి రానివ్వకూడదని అనుకుంటున్నారు. మొన్న ఎవరో ఆ కథ ఎత్తితే ఐలన్న, "అది బైబిల్ల లేనే లేదు. మన పాస్టరు అయ్యగారే లెక్కదీసి చెప్పిండు, ఇగో కాయితం" అన్నాడు. విని నాకూ కాస్త ఇబ్బందిగానే అనిపించింది. కానీ లెక్క లెక్కే కదా.

నీ తమ్ముడు,
రాజ్‌కుమార్

జింగనూర్,
ఆగస్టు 3

తమ్మీ,

లెక్క లెక్కేనా? అయితే ఇది లెక్కపెట్టు. యేసు తన వేలితో ఏదైనా రాశాడని సువార్తల్లో చెప్పింది ఆ ఒక్క చోటే. వంగి నేల మీద రాశాడు. ఆ రాతలో ఎన్ని అక్షరాలు? వాటి విలువ ఎంత? ఏడుతో తెగుతుందా? చెప్పు లెక్కల పంతులూ!

పాత ప్రతుల్లో లేదంటే ఒప్పుకుంటాను, చదువుకున్నవాళ్లూ ఆ మాటే అంటారు. కానీ నువ్వు తీసేసింది అందుకు కాదు, నీ ఏడు రావడానికి. మిగతా చోట్ల నీ ఏడు ఎలా వచ్చిందో గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పు. ఒక ప్రతిలో ఉన్న మాట ఇంకో ప్రతిలో ఉండదన్నది నువ్వే. ఏ ప్రతి ఎప్పుడు పట్టుకున్నావు, ఎప్పుడు వదిలావు?

అమ్మ ఎందుకు మూతి ముడుచుకుందో తెలియదన్నావు. నాన్న పోయినప్పుడు నువ్వు చంటివాడివి. అమ్మ కూలికి పోతే, ఆ పొలం ఆసామితో కలిపి మాట పుట్టించారు. ఇదే మందిరంలో ఇలాగే కూర్చోబెట్టారు. అప్పటి ముసలి అయ్యగారు ఏమీ విచారించలేదు, ఆ పన్నెండు వచనాలు చదివి పుస్తకం మూశాడు. పెద్దలు లేచి ఇళ్లకు పోయారు. అమ్మ ఊళ్లో తలెత్తుకుని బతికింది, మనిద్దరికీ ఇంత ముద్ద పెట్టింది. ఆ ముద్ద తిని పెరిగినవాడివి ఆ వచనాలనే కోసేశావు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటే ఇదేరా.

వాగు పొంగింది. ఈతగాళ్ల చేత ఈ ఉత్తరం దాటుతుంది గానీ, నాకు దాటే దారి లేదు. నువ్వు అక్కడే ఉన్నావు.

అక్క

అంకిస,
ఆగస్టు 19

ప్రియమైన అక్కకు,

నీ ఉత్తరం పెద్దలు కూర్చునే ముందురోజు చేరింది. చదివి అమ్మ దగ్గరికి పోయాను. అమ్మే, "ఉమ రాసిందా?" అని, "తిన్నవా?" అంది.

మర్నాడు ఆదివారం అందరి ముందు లేచి చెప్పాను. నా ఏడు దొరకలేదు, నేనే దొరికించాను. ఒక మాట ఎక్కువైతే ఆ మాట లేని ప్రతి పట్టుకున్నాను, తక్కువైతే ఉన్న ప్రతి పట్టుకున్నాను. ఆ కరపత్రం చింపేయండి అన్నాను. ఐలన్న నవ్వాడు. "నిన్న ఒప్పు, ఇయ్యాల తప్పా? ఇగ మీ మాట ఎట్ల నమ్మాలె?" అన్నాడు.

జ్యోతి నన్ను మెచ్చుకుంటుందని ఎక్కడో ఆశపడ్డాను, నిజం చెబుతున్నా. ఆమె లేచి ఐలన్న వైపు కాదు, నా వైపు తిరిగింది. "అయ్యగారూ, మీ లెక్క ఒప్పయితే నేను చెడ్డదాన్ని, తప్పయితే మంచిదాన్నా? ఇదేం లెక్క? ఎన్కట రాళ్లన్న ఏరుకొచ్చుకునేటోళ్లు. మీరు ఆ కష్టం సుత లేకుంట కాయితం చేతికిచ్చిండ్రు" అంది. నేను పుస్తకం తెరిచాను.

ఆ పన్నెండు వచనాల్లో నింద వేసినవాళ్లు పెద్దవాళ్లు మొదలుకొని ఒక్కొక్కరే వెళ్లిపోతారు కదా. నేను వాటినే చదివాను. ఐలన్న కదల్లేదు. ఎవరూ కదల్లేదు. అప్పుడు అమ్మ గోడ పట్టుకుని లేచింది. అక్కడ ఉన్నవాళ్లందరిలో పెద్దది అమ్మే. జ్యోతి చెయ్యి పట్టుకుని, "నడువు బిడ్డా, పోదాం. గీడ మనకేం పని?" అంది. ఇద్దరూ గడప దాటారు. నేను పుస్తకం తీసుకుని వాళ్ల వెనక నడిచాను. నా వెనక కుర్చీలు జరిగిన చప్పుడు విన్నాను, తిరిగి చూడలేదు.

మందిరం తాళం ఇప్పుడు ఐలన్న దగ్గర ఉంది. జ్యోతికి బల్ల లేదన్నారు, నాకూ లేదన్నారు. నిన్న ఆరాధన జ్యోతి వాకిట్లో, వానకు అడ్డంగా కట్టిన తాటిపత్రి కింద జరిగింది. చదవడానికి నేను పుస్తకం తెరిస్తే ఆమె వచ్చి తీసుకుంది. "మీరు కూసోండ్రి. నేను చదువుత." కోపం ఇంకా పోలేదు, పోవాలని నేనూ అడగను. అమ్మ పక్కన చాప మీద కూర్చుని విన్నాను. ఆయన వంగి నేల మీద రాసిన చోట జ్యోతి కాసేపు ఆగింది.

ఎంతమంది వచ్చారని అడుగుతావేమో. నేను లెక్కపెట్టలేదు అక్కా.

నీ తమ్మి,
రాజ్‌కుమార్