ఆ నర్సు ఎవరు?

క్లోనీ, ఐర్లాండ్, జూన్ 2021, శనివారం

రేపు మా ఆయనకు కరోనా టీకా. వెళ్లొద్దని పొద్దున గొడవ పెట్టుకున్నది నేనే. వాట్సాప్‌లో వచ్చిన ఒక ఆడియో విని భయపడ్డాను. ఇక్కడి ఆసుపత్రిలో పనిచేసే తెలుగు నర్సునంటూ ఒకావిడ ఏడుస్తూ చెప్పింది, షుగరున్నవాళ్లు ఈ టీకా వేయించుకోవద్దని. ఆయనకేమో షుగరు.

ఇంట్లోకొచ్చిన వార్త ఒకటి తీసుకుని అది ఎక్కడ పుట్టిందో కనుక్కోమని మా అమ్మాయి మేఘనకు స్కూల్లో హోంవర్క్ ఇచ్చారట. ఆరో క్లాసు పిల్లలకు ఇదొక పాఠమా! సరిగ్గా ఆ ఆడియోనే పట్టుకుంది.

"హూ ఈజ్ షీ, అమ్మా?"

"నర్సేనే. విన్లేదేంటి, ఎలా ఏడుస్తుందో!"

"వాట్స్ హర్ నేమ్?"

ఆవిడ పేరు చెప్పలేదు. ఆసుపత్రి పేరూ చెప్పలేదు.

నాకు పంపిన సుజాతకు ఫోన్ చేశాను. "కార్క్‌లో మా వదిన పంపింది. మనవాళ్లే," అంది. ఆ వదినకు చేస్తే, "గ్రూపులో వచ్చిందండీ, మనవాళ్లే పెట్టారు," అంది. ఆ నర్సును చూసినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు.

"షీ సౌండ్స్ లైక్ యూ. దట్స్ ఆల్ వీ నో, అమ్మా," అనేసి మేఘన పడుకోడానికి వెళ్లిపోయింది.

షుగరుంటే టీకా మరింత అవసరమని మా ఫ్యామిలీ డాక్టరు ఆయనతో అన్నాడట. ఇక నేను ఆపను.

ఇప్పుడే మళ్లీ విన్నాను. ఏడుపు మధ్యలో "అయ్య బాబోయ్" అని మా గోదావరి సాగదీత. అది పరాయివాళ్లకు రాదు.

నిజమే, దీన్ని పుట్టించింది మనవాళ్లే.