నా వైపు అద్దం

బక్స్టన్, ఆదివారం

హిల్డక్కా, అందరం బతికే ఉన్నాం, కంగారుపడకు.

కార్డు మీద బొమ్మ అసలు స్పోర్ట్స్ కారుది. మా షెడ్డులో ఉన్నది మా ఆయన క్లైవ్ ఏళ్ల తరబడి కూర్చిన నకలు. అసలుదానికి హీటర్ లేదు కాబట్టి దీనికీ వద్దని ఇన్ని చలికాలాలు నన్ను గడ్డకట్టించాడు. ముందు అద్దం మసకబారుతుంటే రోడ్డెక్కడానికి వీల్లేదని తనిఖీలో తిప్పి పంపాక, ఇప్పుడు హీటరూ, అద్దం మీద ఆవిరి పోగొట్టే గొట్టాలూ బిగించాడు.

నిన్న వానలో కార్ల క్లబ్బుకి బయల్దేరాం. ఆయన ముందు అద్దం తళతళలాడింది. నా ముందు పాలు పోసినట్టు తెల్లగా మూసుకుపోయింది. ఇదేమిటని అడిగితే, "రెండు గొట్టాలూ నా వైపే పెట్టాను. నడిపేది నేను కదా, నువ్వు చూసి చేసేదేముంది?" అన్నాడు. అక్కడ మగాళ్లంతా బానెట్ ఎత్తి చూసి, "హీటరుందని తెలీకుండా భలే దాచావయ్యా!" అని మెచ్చుకున్నారు. నేను గడ్డకట్టిన వేళ్లతో టీ కప్పు పట్టుకుని నిలబడ్డాను.

అది సరేగాని, మీ చిన్నగదిలో మంచం ఖాళీగా ఉందా, బావ దాన్నీ పనిముట్లతో నింపేశాడా? ఆయన మోకాలు ఎలా ఉంది? మందపాటి దుప్పటి ఒకటి తీసి ఉంచు, బుధవారం బస్సుకి వస్తున్నాను. బావని అడిగానని చెప్పు. పిల్లికి ముద్దులు.

పెట్టె సర్ది నిన్ననే గుమ్మం దగ్గర పెట్టాను. క్లైవ్ దాన్ని దాటుకుంటూ షెడ్డుకి తిరుగుతున్నాడు గాని, ఏమిటని అడగలేదు. అదీ మసకబారిన నా వైపు అద్దం వెనకే ఉంది కాబోలు.

నీ చెల్లెలు,
మోరీన్