పశువుల మిట్ట

మునికృష్ణన్నకు,

మన పశువుల మిట్టను సర్వేయరు దామోదరం చంపేశాడు. కొలతలు వేసి, ‘ఖాళీ స్థలం’ అని బోర్డు నాటాడు. పశువుల పండక్కి కంపా పుల్లలూ పోగేసి చిట్లాకుప్ప మంట వేసి, ఊరి ఆవులన్నింటినీ దాని చుట్టూ తిప్పే చోటు ఖాళీదా? ఆదివారం ఫ్యాక్టరీవాళ్లు కంచె వేస్తారు.

బోర్డు కంటే మనవాళ్ల నోళ్లే నన్ను భయపెడుతున్నాయి. కంచె ఆపడానికి ఆదివారం మిట్ట మీద కూడదామని ఇంటింటికీ కరపత్రం పంచితే, “యాడ కూడాలప్పా, ఆ ఖాళీ స్థలంలోనా?” అని నవ్వారు. నిరుడు ఆ మంటకు దండం పెట్టిన అమ్మే, “ఖాళీగా పడుండే జాగాకి కొట్లాట ఎందుకురా?” అంటోంది. పేరు మారితే చూపు మారుతుందని చదివాను గానీ, ఇంత తొందరగానా!

శ్రీ సిటీలో షిఫ్టు మానుకొని రా అన్నా. బహుశా నేనొక్కణ్ణే ఉంటాను. దారిలో ఎవరైనా ఎక్కడికని అడిగితే, పశువుల మిట్టకని గట్టిగా చెప్పు. ఆదివారం పొద్దున, ఆరు గంటలకు.

నీ తమ్ముడు