ఏనుగు దూరిన కన్నం

ఏమోయ్ బావమరిదీ,

"రేపు తెల్లారేసరికి గోడ కట్టించేస్తా బావా" అన్నావు. నలభయ్యేళ్లయింది, నీకింకా తెల్లారలేదు. చెక్క ఏనుగు గుమ్మంలో పట్టట్లేదని మన నాటకశాల వెనక గోడ పగలగొట్టించావు. ఏనుగుకి చెదలు పట్టింది. దాన్నెక్కిన రాజుకి పళ్లూడాయి. కన్నం మాత్రం నిక్షేపంలా ఉంది.

ఇప్పుడా పాత హాలుని బాగుచేస్తే లాభమో నష్టమో తేల్చే అధికారివి నువ్వేనట! దొంగ చేతికే తాళాలు. జీవితమంతా అక్కడ తెర లాగినవాణ్ణి. నేను పోయేలోగా ఆ తెర మళ్లీ లేవాలి. నివేదిక సరిగ్గా రాసి ఏడు.

ఇట్లు,
మీ అక్కని కట్టుకున్న పాపానికి, బావ

తా.క.: వచ్చేపోయేవాళ్లని లెక్కపెట్టడానికి నువ్వు పంపినాయన వేదికకి వీపు పెట్టి కూర్చున్నాడు. మీ ఆఫీసులో కళని చూసే పద్ధతి అదేనా?

---

పూజ్యులైన బావగారికి,

శుభవార్త! హాలుకి రోజూ వందలమంది వస్తున్నారు. ముందు గుమ్మంలో వచ్చి, వెనక కన్నంలోంచి వెళ్తున్నారు. ఇంత ఆదరణ ఉన్న పాత కట్టడం మా దస్త్రాల్లో మరోటి లేదు. టికెట్టు పెడితే పండగే.

విధేయుడు,
బావమరిది

తా.క.: అందరూ పరుగులాంటి నడకతో వస్తున్నారట. కళాతృష్ణ కాబోలు.

---

బుద్ధిలేని బావమరిదికి,

కళాతృష్ణ కాదురా, బస్సు! కన్నం అవతల, మా ఇంటి పక్కనే, బస్టాండుంది. నీ సందర్శకులకి నా హాలు అడ్డదారి. వేదికెక్కి "ఇది నాటకశాల!" అని అరిచాను. "తప్పుకో తాతా, బస్సెళ్లిపోతుంది" అన్నారు. పుస్తకాల్లో ఎందరో మూర్ఖుల్ని చూశాను. నీ ముందు వాళ్లంతా పండితులు.

ముందు కన్నం మూయించు. తరవాత లెక్కపెట్టు.

ఇట్లు,
మండిపోతూ, బావ

తా.క.: నిన్న ఒకాయన వేదిక ముందు ఆగి, వంగాడు. నా కళ్లు చెమర్చాయి. చెప్పు తెగిందట.

---

బావగారికి,

అడ్డదారి అన్న మీ మాట మా ఆఫీసు కమిటీకి బాగా నచ్చింది. జనం వచ్చేది కన్నం కోసమే గానీ హాలు కోసం కాదని తేలింది. కాబట్టి హాలు కూల్చేసి, కన్నం ఉంచి, దారికి టికెట్టు పెడుతున్నాం. మీ పేరు మీద కృతజ్ఞతాఫలకం కూడా ఉంటుంది.

మీ,
బావమరిది

తా.క.: ఆనాడు మర్నాటికే ఇటుకలు దింపించాను బావా. అక్కే వద్దంది. ఎందుకో తననే అడగండి. చెప్పొద్దని ఒట్టేయించుకుంది గనక ఇన్నాళ్లూ మీ తిట్లు తిన్నాను.

---

బావమరిదికి, ఆశీస్సులు కావు,

మేస్త్రీని పిలిచి గోడ కట్టించేశాను. కన్నం లేదు, జనం లేరు, మీ లాభమూ లేదు. లాభంలేని చోటికి మీ గునపం కూడా రాదని నాకు తెలుసు. హాల్లో ఒక్కణ్ణే నిలబడి తాడు లాగాను. మూలిగింది గానీ, తెర లేచింది.

మీ అక్కని అడిగాను. "అవును, నేనే వద్దన్నాను. ఆ కన్నమే లేకపోతే మీరు ఊరంతా చుట్టి అన్నం చల్లారాక వచ్చేవారు. నాటకంలో పడితే ఇల్లు గుర్తుండే మనిషేనా మీరు?" అంది.

ఇట్లు,
చుట్టూ తిరిగి ఇల్లు చేరుతున్న బావ

తా.క.: న్యాయంగా అయితే నలభయ్యేళ్ల తిట్లూ మీ అక్కకి మళ్లించాలి. కానీ వేడన్నం పెట్టేది ఆవిడ. అందుకని బాగా ఆలోచించి తీర్పిస్తున్నాను: ఇప్పటికీ తప్పు నీదే, బావమరిదీ.